పిన్‌బాల్ మెషీన్‌లో ఎల్‌ఈడీ వెలగకపోతే: బోర్డు ఆర్డర్ చేసేముందు ఏం చూడాలి

కొత్త తరం పిన్‌బాల్ మెషీన్‌లో ఒక లైటు ఆరిపోగానే చాలామంది ఆ బోర్డు పార్ట్ నంబరు వెతికి ఆర్డర్ పెట్టేస్తారు. బోర్డు వస్తుంది, బిగిస్తారు, లైటు మాత్రం వెలగదు. ఎందుకంటే ఎల్‌ఈడీ బాగానే ఉంది. దాని దాకా కరెంటు తెచ్చే తీగో, కనెక్టరో, టంకమో పోయింది. సరైన కరెంటు ఇస్తే ఎల్‌ఈడీ వేల గంటలు వెలుగుతుంది. కానీ పిన్‌బాల్‌లో దాని పక్కనే 48 వోల్టుల కాయిల్ (మెషీన్ భాగాలను కదిలించే విద్యుదయస్కాంతం) ఠప్పు ఠప్పుమని కొడుతుంటుంది, 80 గ్రాముల ఉక్కు బంతి నెత్తిమీద దొర్లుతుంటుంది. ఈ అదురుకి ముందుగా వదిలేసేది అతుకులే. అందుకే లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పెట్టండి. అది తేలాక చేతిపని పెద్దగా ఉండదు.

అమెరికాలో ఇల్లు కొనుక్కుని బేస్‌మెంట్‌లో ఒక పిన్‌బాల్ మెషీన్ పెట్టుకున్న మనవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మనలో చాలామందికి పిన్‌బాల్ పరిచయమైంది విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లోనే. అందులో లైటు పోతే ఫార్మాట్ కొట్టించడం తప్ప చేయడానికేమీ ఉండేది కాదు. నిజం మెషీన్‌లో చేయడానికి చాలా ఉంది.

ముందు మీది ఏ తరం మెషీన్ అనేది చూసుకోండి. పాతవాటిలో 44, 47, 555 నంబర్ల 6.3 వోల్టుల బల్బులు ఉండేవి. చేత్తో తీసి చేత్తో పెట్టేవాళ్లం. అలాంటి సాకెట్లో ఎల్‌ఈడీ బల్బు ఉంటే పని సులువు. కొత్తది పెట్టి చూడండి. 555 రకం బల్బు వెలగకపోతే తిప్పి పెట్టండి. కొన్ని ఎల్‌ఈడీ బల్బులు ఒక దిశలోనే పనిచేస్తాయి. ఇంతటితో మీ పని అయిపోవచ్చు కూడా. ఇప్పటి మెషీన్లలో మాత్రం ఎల్‌ఈడీని నేరుగా చిన్న బోర్డుకు టంకం వేసి, ఆ బోర్డును ప్లేఫీల్డ్ (బంతి దొర్లే పలక) అడుగున స్క్రూలతో బిగిస్తున్నారు. షికాగో దగ్గరి స్టెర్న్ కంపెనీ 2016లో తెచ్చిన స్పైక్ 2 అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉన్న మెషీన్లు ఈ పద్ధతివే. నేను ప్రధానంగా వాటిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. మిగతా కంపెనీల మెషీన్లలో పేర్లు మారతాయి, వెతికే వరస మారదు.

స్పైక్‌లో ప్లేఫీల్డ్ కింద అక్కడక్కడా నోడ్ బోర్డులు ఉంటాయి. వెనక నిలువుగా ఉండే పెట్టె, అంటే బ్యాక్‌బాక్సులో ఉన్న ప్రధాన బోర్డు వీటితో నెట్‌వర్క్ కేబుల్ లాంటి తీగ ద్వారా మాట్లాడుతుంది. తన చుట్టుపక్కల ఉన్న కాయిళ్లు, స్విచ్‌లు, లైట్లను ఒక్కో నోడే చూసుకుంటుంది. కాబట్టి దారి ఇలా ఉంటుంది: ప్రధాన బోర్డు, నోడ్ బోర్డు, కనెక్టర్, తీగలు, మళ్లీ ఒక కనెక్టర్, ఎల్‌ఈడీ బోర్డు, చివర్లో ఎల్‌ఈడీ. మనం ఆ చివర నుంచి వెనక్కి నడుస్తాం.

గ్లాసు తీయకముందు

కాయిన్ డోర్ (ముందు వైపు నాణేలు వేసే తలుపు) తెరిచి, లోపలి సర్వీస్ బటన్లతో మెనూలోకి వెళ్లండి. డయాగ్నొస్టిక్స్‌లో ల్యాంప్ టెస్టులు ఉంటాయి. మొదట అన్ని లైట్లనూ ఒకేసారి వెలిగించే టెస్టు పెట్టి, ఏవేవి వెలగడం లేదో కాగితం మీద రాసుకోండి. ఆట ఆడుతూ చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే కొన్ని లైట్లు ఆ మోడ్‌లో ఆరి ఉండటమే పద్ధతి. తర్వాత ఒక్కో లైటునూ వెలిగించే టెస్టు పెట్టండి. ఆ లైటు పేరు, అది ఏ నోడ్ కిందకు వస్తుందో తెర మీద కనిపిస్తుంది. మాన్యువల్‌లోని ల్యాంప్ పట్టిక పక్కన పెట్టుకుంటే తీగ రంగులు కూడా దొరుకుతాయి.

ఇప్పుడు ఆ కాగితం చూడండి. ఏ లైట్లు పోయాయన్న దానిలోనే సగం జవాబు ఉంటుంది.

ఒక్క లైటే పోతే ఆ ఎల్‌ఈడీ, దాని కనెక్టర్, లేదా దానికి మాత్రమే వెళ్లే తీగ. పక్కపక్కనున్న నాలుగైదు ఒకేసారి పోతే వాటన్నిటికీ కరెంటు ఇచ్చే ఉమ్మడి తీగ, లేదంటే నోడ్ దగ్గరి కనెక్టర్. ఒక నోడ్ కింద ఉన్నవన్నీ, వాటితో పాటు స్విచ్‌లు కూడా పోతే ఆ నోడే మాట్లాడటం లేదు. అప్పుడు మెషీన్ ఆన్ కాగానే ఫలానా నోడ్ దొరకలేదని హెచ్చరిక కూడా వస్తుంది. లైటు వచ్చి పోతూ ఉంటే లూజ్ కాంటాక్టు, వేరే అనుమానం పెట్టుకోకండి. ఎప్పుడూ వెలిగే ఉంటే అది వేరే కథ, దాని గురించి చివర్లో చెబుతాను.

రంగులు మారే ఆర్‌జీబీ లైటైతే ఇంకో ఆధారం దొరుకుతుంది. ఒక్కో దాని లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఎల్‌ఈడీలు ఉంటాయి. తెలుపు రావాల్సిన చోట పసుపు వస్తోందంటే నీలం పోయింది. గులాబీ, వంగపండు మధ్య రంగు వస్తే ఆకుపచ్చ పోయింది. ఆకుపచ్చ కలిసిన లేత నీలం వస్తే ఎరుపు పోయింది. కరెంటు వస్తోందని దీంతోనే రుజువైంది కాబట్టి మిగిలింది ఆ ఒక్క రంగు దారే.

ప్లేఫీల్డ్ ఎత్తడం

మెషీన్ ఆఫ్ చేసి ప్లగ్ పీకండి. కాయిన్ డోర్ లోపలున్న మీటను తిప్పితే లాక్‌డౌన్ బార్ (గ్లాసు ముందు అంచును పట్టి ఉంచే లోహపు పట్టీ) ఊడి వస్తుంది, గ్లాసు మీ వైపు జారుతుంది. సాధారణ సైజు మెషీన్ గ్లాసు 21 అంగుళాల వెడల్పు, 43 అంగుళాల పొడవు ఉంటుంది. అది టెంపర్డ్ గ్లాసు. మీద గుద్దినా తట్టుకుంటుంది కానీ, మూల టైల్స్ నేలకు తగిలితే మొత్తం ముక్కముక్కలైపోతుంది. కార్పెట్ మీద గానీ అట్టపెట్టె మీద గానీ నిలబెట్టండి, పిల్లలు తిరగని గదిలో.

బంతులన్నీ తీసేయండి. ప్లేఫీల్డ్ నిలబెట్టాక ఒక్క బంతి జారినా కింద తీగల మీదో, పైన ప్లాస్టిక్ బొమ్మల మీదో పడుతుంది. తర్వాత ప్లేఫీల్డ్ ముందు అంచు పట్టుకుని ఎత్తి, మీ వైపు లాగి, మాన్యువల్‌లో చూపినట్టు ఊతం మీద నిలబెట్టండి. బరువుగా ఉంటుంది. మొదటిసారైతే ఇంకొకరిని పిలవండి.

కరెంటు గురించి ఒక మాట. కాయిన్ డోర్ తెరిచి ఉన్నంతసేపూ ఒక స్విచ్ కాయిళ్లకు వెళ్లే 48 వోల్టులను ఆపేస్తుంది, లైట్లు మాత్రం వెలుగుతాయి. మనకు కావాల్సింది అదే. ఆ స్విచ్‌ను బయటికి లాగి పెడితే డోర్ తెరిచి ఉన్నా 48 వోల్టులు వస్తాయి. లైట్ల పనికి దాన్ని లాగాల్సిన అవసరమే లేదు. 48 వోల్టుల తీగ ఒక్క క్షణం లైటు తీగకు తగిలితే చాలు, పది ఎల్‌ఈడీలతో పాటు నోడ్ బోర్డు కూడా పోతుంది. అందుకే మెషీన్ ఆన్‌లో ఉండగా ఏ కనెక్టరూ పీకకండి, పెట్టకండి. ఉంగరాలు, కడియాలు, మెడలో వేలాడే గొలుసులు తీసి పక్కన పెట్టండి. పవర్ సప్లై ఉన్న చోట గోడ కరెంటు నేరుగా ఉంటుంది, అటు చెయ్యి పెట్టే పని మనకు లేదు.

కళ్లతో, తర్వాత వేలితో

ప్లగ్ పీకే ఉంచి, టార్చి వేసి, ఆరిన లైటు బోర్డు దగ్గరికి వెళ్లండి. కనెక్టర్ సగం ఊడి ఉందా? తీగ కనెక్టర్లోకి వెళ్లే చోట తెగి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రమే పట్టుకుని ఉందా? మెల్లగా లాగి చూస్తే తెలుస్తుంది. ఎక్కడైనా తీగ బ్రాకెట్ కింద నలిగిందా? స్క్రూ తల బోర్డు మీది రాగి గీతకు తగులుతోందా? ఎక్కడి నుంచో రాలిన స్క్రూ బోర్డు వెనక ఇరుక్కుందా? ఇవన్నీ సాధారణంగా కనిపించేవే.

తర్వాత కనెక్టర్‌ను ఒకసారి పీకి మళ్లీ గట్టిగా పెట్టండి. నోడ్ దగ్గర కూడా అలాగే చేయండి. నోడ్ మొత్తం పోయినప్పుడైతే నెట్‌వర్క్ కేబుల్ లాంటి ఆ తీగను రెండు చివర్లా క్లిక్కుమనే దాకా నొక్కండి. ఆ తీగను ఇంకొకటి పెట్టి కూడా చూడండి, నోడ్ బోర్డు కంటే అది ఎంతో చవక.

ఇప్పుడు మెషీన్ ఆన్ చేసి, అన్ని లైట్ల టెస్టు పెట్టి, వెదురు పుల్లతోనో ప్లాస్టిక్ పెన్నుతోనో ఆ బోర్డు మీద మెల్లగా తట్టండి. తర్వాత కనెక్టర్ మీద, తీగల మీద. ఎక్కడ తట్టినప్పుడు లైటు మినుకుమంటుందో అక్కడే లోపం. లోహపు స్క్రూడ్రైవర్‌తో మాత్రం తట్టొద్దు.

లోపాన్ని కదిలించి చూడండి

తట్టినా ఏమీ తేలకపోతే నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది ఈ పరీక్షను. ఆరిన బోర్డు లాంటిదే, అదే పార్ట్ నంబరుతో, పక్కనే పనిచేస్తున్నది ఇంకొకటి ఉంటుంది. మెషీన్ ఆఫ్ చేసి, ఆ రెంటి కనెక్టర్లూ అటుదిటు మార్చి, మళ్లీ ఆన్ చేయండి. తీగ అందకపోతే బోర్డులనే మార్చండి.

ఆరిన బోర్డు కొత్త చోట కూడా ఆరే ఉంటే లోపం బోర్డులో ఉంది. అది వెలిగి, బాగున్నది ఆరిపోతే బోర్డుకు రోగమేమీ లేదు, తీగనో నోడ్‌నో వెతకాలి. మీటర్ లేకుండా, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకుండా సగం అనుమానాలు ఇక్కడే పోతాయి. ఈ పని చేయకుండా బోర్డు ఆర్డర్ పెట్టే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఒకటే జాగ్రత్త: రెండు బోర్డుల పార్ట్ నంబర్లూ ఒకటే అని చూసుకోండి. ఒక రంగు బోర్డును ఆర్‌జీబీ కనెక్టర్‌కు తగిలించకూడదు.

మీటర్ పెట్టాల్సినప్పుడు

బోర్డులోనే లోపమని తేలితే దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టండి. మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి ఎల్‌ఈడీ రెండు కాళ్ల మీద ప్రోబ్‌లు ఆనించండి, వెలగకపోతే ప్రోబ్‌లు తారుమారు చేయండి. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 1.8 నుంచి 2.2 వోల్టులు చాలు. తెలుపు, నీలం, ఆకుపచ్చలకు 2.8 నుంచి 3.4 దాకా కావాలి. చాలా మీటర్లు డయోడ్ మోడ్‌లో అంత వోల్టేజీ ఇవ్వవు కాబట్టి, బాగున్న తెల్ల ఎల్‌ఈడీ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. అప్పుడు సీఆర్2032 బటన్ బ్యాటరీకి రెండు సన్నటి తీగలు అతికించి ఆనించండి. బాగుంటే కొంచెమైనా వెలుగుతుంది. పక్కనే బాగున్న ఎల్‌ఈడీ మీద కూడా ఇదే పరీక్ష చేసి పోల్చుకోండి.

ఎల్‌ఈడీ వెలిగింది కానీ బోర్డు పనిచేయడం లేదంటే, కనెక్టర్ పిన్ను నుంచి ఎల్‌ఈడీ కాలి దాకా కంటిన్యుటీ, అంటే దారి ఎక్కడా తెగలేదా అనేది, మీటర్‌తో చూడండి. దాదాపు ప్రతిసారీ పిన్ను అడుగున టంకం చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తుంది. మన టీవీ మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దీన్నే. భూతద్దం కింద చూడండి, మామూలు కంటికి అది నున్నగానే కనిపిస్తుంది.

తీగలోనే లోపమైతే మెషీన్ ఆఫ్‌లో ఉంచి, రెండు చివర్లా కనెక్టర్లు పీకి, ఒక్కో తీగకూ కంటిన్యుటీ చూడండి. మీటర్ బీప్ అంటుంటే తీగను అటూ ఇటూ ఊపండి. ఊపినప్పుడు బీప్ ఆగితే ఆ తీగ లోపల తెగింది.

తీగ బాగుండి, బోర్డూ బాగుంటే, మెషీన్ ఆన్ చేసి బోర్డు కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడాలి. చాలా బోర్డుల్లో ప్లస్ తీగ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, నోడ్ రెండో తీగను గ్రౌండ్‌కు కలిపినప్పుడు లైటు వెలుగుతుంది. ప్లస్ రాకపోతే నోడ్ వైపు వెతకండి. రెండో తీగ మీద మీటర్ అంకెలు ఊగుతుంటే కంగారు పడకండి. మెషీన్ లైటును వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుతురు తగ్గిస్తుంది కాబట్టి అలా చూపిస్తుంది.

ఇక్కడ కొందరు తొందరపడి రెండో తీగను జంపర్ తీగతో నేరుగా గ్రౌండ్‌కు కలిపి చూస్తారు. ముందు బోర్డు మీద రెసిస్టర్ ఉందో లేదో చూడండి. 101 అని ఉంటే 100 ఓములు, 151 అంటే 150. అది ఉంటే కరెంటు అదుపులో ఉంటుంది. రెసిస్టర్ లేదంటే కరెంటును అదుపు చేసే చిప్ నోడ్ మీద ఉందన్నమాట. అలాంటప్పుడు జంపర్ వేస్తే అప్పటిదాకా బాగున్న ఎల్‌ఈడీ కాస్తా నిజంగానే కాలిపోతుంది.

టంకం పని

వారంటీలో ఉన్న మెషీన్ అయితే ఐరన్ ముట్టుకోకముందే అమ్మిన డిస్ట్రిబ్యూటర్‌కు ఒక మెయిల్ పెట్టండి. బోర్డే పంపిస్తారేమో.

పగిలిన టంకానికి చేయాల్సింది చిన్నదే. బోర్డును ప్లేఫీల్డ్ నుంచి ఊడదీయండి. దాన్ని అక్కడే ఉంచి ఐరన్ పెడితే, లైటు పైకి కనిపించేలా ప్లేఫీల్డ్‌లో పొదిగిన ఇన్సర్ట్ ప్లాస్టిక్ కరుగుతుంది, టంకం చుక్కలు తీగల్లో పడతాయి. పిన్ను మీద టంకం బాగా పట్టేలా చేసే ఫ్లక్స్ కొద్దిగా రాసి, 330 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ మధ్య ఐరన్ పెట్టి, కొంచెం కొత్త టంకం కలిపి, మెరిసే దాకా కరిగించి తీసేయండి. ఇంటి పనికి 63/37 సీసం టంకం హాయి. 183 డిగ్రీలకే కరుగుతుంది, ఫ్యాక్టరీలు వాడే సీసం లేని టంకానికి దాదాపు 220 కావాలి. గదిలోకి గాలి రానివ్వండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. మిగిలిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ఎల్‌ఈడీనే మార్చాల్సి వస్తే ముందు ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసుకోండి. ఎల్‌ఈడీ ఒక మూల చెక్కేసినట్టు ఉంటుంది. సాధారణంగా అది మైనస్ వైపు, కానీ అన్ని కంపెనీలూ అలా పెట్టవు. కొత్తదాన్ని మీటర్‌తో చూసుకున్నాకే నమ్మండి. సైజు కూడా అదే కావాలి: 3528 అంటే 3.5 మిల్లీమీటర్లకు 2.8, 5050 అంటే 5కి 5. తెలుపులో కూడా రకాలున్నాయి. 3000 కెల్విన్ పసుపు ఛాయ తెలుపు ఉన్న చోట 6000 కెల్విన్‌ది పెడితే ఆ ఒక్కటీ ఆసుపత్రి ట్యూబ్‌లైట్‌లా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండు కాళ్ల ఎల్‌ఈడీని మామూలు ఐరన్‌తోనే తీయొచ్చు. రెండు వైపులా కొత్త టంకం దండిగా వేసి, ఒకసారి అటు, ఒకసారి ఇటు వేడి చేస్తూ ఉంటే కాసేపటికి జారి వస్తుంది. బలంగా లాగితే రాగి గీత కూడా లేచి వస్తుంది, తొందరపడొద్దు. రాగి అల్లిక తీగతో పాత టంకం తుడిచి, ఒక వైపు కొద్దిగా టంకం పెట్టి, పట్టకారుతో కొత్త ఎల్‌ఈడీని పట్టుకుని ఆ వైపు అతికించి, సరిగ్గా కూర్చున్నాక రెండో వైపు వేయండి. ఆరు కాళ్ల ఆర్‌జీబీకి హాట్ ఎయిర్ కావాలి. అది చేతిలో లేకపోతే, ఈ ఒక్క సందర్భంలో బోర్డు ఆర్డర్ చేయమనే చెబుతాను.

తీగ తెగింది కనెక్టర్ మొదట్లో అయితే ఆ పిన్నును బయటికి తీసి కొత్త టెర్మినల్ క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి. టేపు చుట్టి వదిలేస్తే ఆ అదురుకి నాలుగు రోజులు కూడా నిలవదు.

గొలుసు లైట్లు, ఆరని లైట్లు

కొన్ని మెషీన్లలో ఆర్‌జీబీ లైట్లు ఒకదాని నుంచి ఒకటి డేటా అందుకుంటూ వరసగా ఉంటాయి. డబ్ల్యూఎస్2812 రకం ఎల్‌ఈడీలు అలాంటివే. వీటిలో ఒకటి చెడితే దాని తర్వాతవన్నీ ఆరిపోతాయి, లేదా పిచ్చి రంగులు చూపిస్తాయి. ఇక్కడ అనుమానించాల్సింది రెంటినే: చివరగా బాగా వెలుగుతున్నది, దాని తర్వాత మొదట ఆరినది. వెలుగుతున్నది తన వరకు వెలుగుతూనే డేటా ముందుకు పంపడం మానేసి ఉండొచ్చు. అందుకే ఆరినదాన్ని మార్చినా ఫలితం లేకపోతే వెలుగుతున్నదాన్ని చూడండి. బోర్డుల మీద లోపలికి, బయటికి అని బాణం గుర్తు ఉంటుంది. తిరగేసి పెడితే వరస అక్కడే ఆగిపోతుంది.

ఎప్పుడూ వెలిగే ఉండే లైటుకు కారణం రెండింట్లో ఒకటి: తీగ ఎక్కడో నలిగి గ్రౌండ్‌కు తగులుతోంది, లేదా నోడ్ మీది డ్రైవర్ షార్ట్ అయింది. మెషీన్ ఆఫ్ చేసి, నోడ్ దగ్గర ఆ కనెక్టర్ పీకి, తీగ వైపు నుంచి గ్రౌండ్‌కు కంటిన్యుటీ చూడండి. బీప్ వస్తే తీగ వెంట వెళ్లండి. రాకపోతే డ్రైవర్. నోడ్ మీది చిప్ మార్చడం అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని. బోర్డు మార్చడమైతే మీరే చేయొచ్చు. మార్చేముందు దాని మీద చిన్న చిన్న అడ్రస్ స్విచ్‌లు ఉంటే వాటి స్థానాల ఫొటో తీసి, కొత్తదానికీ అలాగే పెట్టండి. కొత్త నోడ్ పెట్టేముందు ఆ వైపు తీగల్లో ఎక్కడా షార్ట్ లేదని తేల్చుకోండి, లేదంటే రెండోది కూడా అదే దారి పడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు

స్క్రూలు మరీ బిగించొద్దు. బోర్డు వంగితే ఎల్‌ఈడీ టంకం మళ్లీ పగులుతుంది. స్క్రూ తల రాగి గీతకు దగ్గరగా ఉంటే కింద నైలాన్ వాషర్ వేయండి. తీగకు కనెక్టర్ దగ్గర కాస్త వదులు ఉంచి, దానికి కొంచెం వెనక టై కట్టండి. అప్పుడు అదురు టై దగ్గరే ఆగుతుంది, పిన్ను దాకా రాదు. ఎల్‌ఈడీ ఇన్సర్ట్ మధ్యలోకి వచ్చిందో లేదో పై నుంచి చూసి, కావాలంటే బోర్డును కొంచెం జరపండి.

ప్లేఫీల్డ్ దించేముందు ఊడదీసిన స్క్రూలు లెక్క చూసుకోండి. ఒకటి తక్కువైతే అది క్యాబినెట్ అడుగున ఉండొచ్చు, లేదా ఏదో బోర్డు మీద ఉండొచ్చు. దొరికేదాకా ఆన్ చేయకండి. తర్వాత అన్ని లైట్ల టెస్టు ఇంకోసారి పెట్టండి. అది బాగుంటే బంతులు వేసి, గ్లాసు పెట్టి, రెండు మూడు ఆటలు గట్టిగా ఆడండి, ఫ్లిప్పర్లు బాగా కొడుతూ. వెంటనే మళ్లీ టెస్టులోకి వెళ్లి చూడండి. టెస్టులో వెలిగి ఆట తర్వాత ఆరితే టంకం సరిగ్గా పట్టలేదన్నమాట. వెలుగుతూనే ఉంటే ఏ లైటుకు ఏం చేశారో మాన్యువల్ పట్టికలో దాని పక్కనే తారీఖుతో సహా రాసి పెట్టండి.